పైథాన్‌లో ఏటీఎం ప్రాజెక్టు: 600 అడిగితే లేదంటుంది, బ్యాలెన్స్ మాత్రం కట్ అవుతోంది

ఎర్రర్_రాణి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఒంగోలులో బీసీఏ రెండో ఏడాది చదువుతున్నాను. మినీ ప్రాజెక్టు అనగానే మా క్లాసులో సగం మంది లైబ్రరీ మేనేజ్‌మెంట్ అన్నారు, మిగతావాళ్లు స్టూడెంట్ మార్కులు అన్నారు. కాస్త వేరుగా ఉంటుందని నేను ఏటీఎం తీసుకున్నాను. పైథాన్‌లో రాస్తున్నా. బొమ్మలు, బటన్లు ఏమీ లేవు, నల్ల విండోలోనే నడుస్తుంది.

కోడ్ ల్యాబ్ సిస్టమ్‌లో ఉంది, ఇది ఫోన్‌లో టైప్ చేస్తున్నాను. అందుకే మాటల్లో చెబుతున్నా, ఏమీ అనుకోకండి.

ముందు పిన్ అడుగుతుంది. మూడుసార్లు తప్పు కొడితే కార్డు బ్లాక్ అని చెప్పి ఆగిపోతుంది. పిన్ సరిపోతే మెనూ వస్తుంది: 1 బ్యాలెన్స్, 2 విత్‌డ్రా, 3 డిపాజిట్, 4 ఎగ్జిట్. ఒక్కోదానికి ఒక్కో ఫంక్షన్ (ఆ పని చేసే కోడ్ ముక్క) రాశాను. మెషిన్‌లో ఉన్న నోట్లకి ఒక డిక్షనరీ (ఏ నోటు ఎన్ని ఉన్నాయో చెప్పే పట్టిక) పెట్టాను: 2000 నోట్లు 10, 500 నోట్లు 20, 200 నోట్లు 20, 100 నోట్లు 5. విత్‌డ్రా అడిగితే పెద్ద నోటుతో మొదలుపెట్టి, ఎన్ని పడితే అన్ని తీసేసి, మిగిలినదానికి తర్వాతి నోటు చూస్తుంది.

ఇప్పుడు సమస్యలు. వంద నోట్లు అయిపోయాక 600 అడిగితే "నోట్లు లేవు" అంటుంది. 200 నోట్లు బోలెడున్నాయి, మూడు ఇస్తే సరిపోతుంది కదా! అది కాక, లేవు అని చెప్పి కూడా బ్యాలెన్స్‌లో 600 కట్ చేసేస్తోంది. ఇంకోటి ఎగ్జిట్. 4 కొడితే మళ్లీ మెనూయే వస్తుంది. బోలెడుసార్లు 4 కొడితే గానీ బయటికి రాదు. పిన్ కొట్టగానే ఏమీ చేయకుండా ఎగ్జిట్ అయితే మాత్రం ఒక్కసారికే వచ్చేస్తుంది!

వచ్చే వారం వైవా (నోటి పరీక్ష). ఎగ్జామినర్ వేరే కాలేజీ నుంచి వస్తారట. టెన్షన్‌గా ఉంది. కోడ్ రాసిపెట్టమని అడగట్లేదు, ఎక్కడ చూడాలో చెబితే చాలు.


బగ్_బాబాయ్

ఎగ్జిట్ సంగతి కోడ్ చూడకుండానే చెప్పొచ్చు. విత్‌డ్రా ఫంక్షన్ చివర్లో, డిపాజిట్ చివర్లో మళ్లీ మెనూ ఫంక్షన్‌ని పిలిచి ఉంటావు. పని అయ్యాక మెనూ కనిపించాలి కదా అని. అక్కడే వచ్చింది చిక్కు. మెనూ విత్‌డ్రాని పిలిచింది, విత్‌డ్రా ఇంకో మెనూని పిలిచింది. అంటే మొదటి మెనూ ఇంకా పూర్తి కాలేదు, కింద అలాగే ఎదురుచూస్తూ ఉంది. నువ్వు 4 కొట్టినప్పుడు పైనున్న మెనూ ఒక్కటే మూసుకుంటుంది, దాని కిందది బయటపడుతుంది. ఎన్ని పనులు చేస్తే అన్ని మెనూలు పేరుకుంటాయి. ఎవరైనా కూర్చుని అదే పనిగా వాడితే, పైథాన్ మామూలుగా 1000 మెట్ల లోతు దగ్గర రికర్షన్ ఎర్రర్ అని చేతులెత్తేస్తుంది.

పరిష్కారం ఒక్క లైను తీసేయడమే. ఫంక్షన్ చివర మెనూని పిలవకు. పని అయ్యాక అది ఊరికే ముగిస్తే చాలు, పిలిచిన చోటికే తిరిగి వస్తుంది. అక్కడ మెనూ ఎలాగూ వైల్ లూప్‌లో (మళ్లీ మళ్లీ తిరిగే కోడ్‌లో) ఉంది కాబట్టి మళ్లీ తనే కనిపిస్తుంది.

మిగతా రెండింటికీ వేరేవాళ్లు చెబుతారు. నేను హైదరాబాద్‌లో టెస్టింగ్ ఉద్యోగం చేస్తా, నాకు బాగు చేయడం కన్నా పాడు చేయడం బాగా వచ్చు. ల్యాబ్‌కి వెళ్లాక ఇవి కొట్టి చూడు.

విత్‌డ్రాలో మైనస్ 500 కొట్టు. నువ్వు రాసిన షరతు "అడిగింది బ్యాలెన్స్ కంటే తక్కువా" అయితే, మైనస్ 500 ఖచ్చితంగా తక్కువే. 100తో భాగిస్తే శేషం కూడా సున్నాయే. తర్వాత బ్యాలెన్స్‌లోంచి మైనస్ 500 తీసేస్తుంది, అంటే 500 కలుపుతుంది. ఇంట్లో కూర్చుని కోటీశ్వరులు అయిపోవచ్చు. మొదటి ప్రాజెక్టుగా ఏటీఎం రాసినవాళ్లలో చాలామంది దగ్గర ఈ బగ్ దొరుకుతుంది, ఎగ్జామినర్లకి కూడా ఇది తెలుసు.

పిన్‌ని 0456 అని పెట్టి చూడు. ఇన్‌పుట్‌ని ఇంట్‌గా (పూర్ణాంకంగా) మారుస్తున్నావంటే ముందున్న సున్నా పోయి 456 అవుతుంది. అప్పుడు 456 కొట్టినా, 00456 కొట్టినా తలుపు తెరుచుకుంటుంది. పిన్‌తో కూడికలు, తీసివేతలు చేయం కదా, దాన్ని స్ట్రింగ్‌గానే (అక్షరాల వరుసగానే) ఉంచు. నాలుగు అక్షరాలు ఉన్నాయా, అన్నీ అంకెలేనా అని చూస్తే చాలు.

మొత్తం అడిగినచోట 5,000 అని కామాతో కొట్టు. వాల్యూ ఎర్రర్ వచ్చి ప్రోగ్రాం పడిపోతుంది. ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కినా అంతే. ట్రై, ఎక్సెప్ట్ పెట్టి "అంకెలు మాత్రమే కొట్టండి" అని మళ్లీ అడగాలి.

ఇంకో సరదా సంగతి. ౫౦౦ అని తెలుగు అంకెల్లో కొట్టి చూడు. పైథాన్ దాన్ని శుభ్రంగా 500గా తీసుకుంటుంది. యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాల పట్టికలో) దశాంశ అంకెగా నమోదైన ఏ భాష అంకె అయినా ఇంట్‌కి ఫర్వాలేదు. కానీ పిన్ స్ట్రింగ్‌గా పెట్టాక ౧౨౩౪, 1234 ఒకటి కావు. వైవాలో పనికొస్తుందో లేదో గానీ, నాకు మాత్రం ఇలాంటివి భలే ఇష్టం.


సెమీకోలన్

ఈ రోజుల్లో నల్ల విండో ప్రాజెక్టుకి ఎవరు మార్కులు వేస్తారు? టికింటర్‌తో బటన్లు పెట్టి, వెనక మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ తగిలించు. చూడగానే ఏటీఎంలా కనిపించాలి. అసలు ఫోన్‌పే, గూగుల్‌పే వచ్చాక ఏటీఎంకి వెళ్లేదెవరు, యూపీఐ సిమ్యులేషన్ తీసుకుని ఉంటే ఇంకా బాగుండేది.


పాత_క్యాషియర్

సెమీకోలన్ గారూ, నెల మొదటి వారంలో పింఛనుదార్లు వచ్చే సమయానికి ఏ బ్యాంకు బయటైనా పది నిమిషాలు నిలబడండి, ఏటీఎంకి వెళ్లేదెవరో కనిపిస్తుంది. వారం గడువు పెట్టుకుని ఇప్పుడు బటన్లు, డేటాబేస్ అంటే ఆ పిల్ల ఉన్నది కూడా పోగొట్టుకుంటుంది. లెక్క తప్పే మెషిన్‌కి రంగులు వేసి ఏం లాభం?

రాణీ, నేను బ్యాంకులో క్యాష్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. మా బ్రాంచి ఏటీఎంలో డబ్బు నింపే ఇద్దరు కస్టోడియన్లలో నేనొకణ్ని. ఒకరి దగ్గర తాళంచెవి, ఇంకొకరి దగ్గర కాంబినేషన్ నంబరు. ఇద్దరూ ఉంటే గానీ సేఫ్ తెరుచుకోదు. ఇప్పుడు తీరిక దొరికి పైథాన్ నేర్చుకుంటున్నా. నేను రాసిన మొదటి ప్రోగ్రాం కూడా ఏటీఎమ్మే, వేరే ఏం రాస్తాను మరి!

ముందు నీ 600 సంగతి చూద్దాం. మెషిన్‌లో 500 నోట్లు 20, 200 నోట్లు 20, వందలు సున్నా అనుకో. 2000ని పక్కన పెట్టు, దాని గురించి తర్వాత చెబుతా. 600 అడిగారు. నీ ప్రోగ్రాం ఒక 500 తీసింది, ఇంకా 100 కావాలి. 200 పట్టదు, 100 లేదు. అంతే, చేతులెత్తేసింది. పెద్ద నోటు తీసుకోవడమే తప్పయిందని దానికి తట్టదు. వెనక్కి వచ్చి "500 ఒకటి తగ్గించి చూద్దాం" అనుకోవాలి. 500 సున్నా, అప్పుడు 600కి 200 నోట్లు మూడు. అయిపోయింది.

దీన్ని ఇలా రాయి, పేర్లు నీ ఇష్టం:

నోట్లు_ఎంచు (మొత్తం):
    ఐదొందలు ఎన్ని? పట్టేవి, ఉన్నవి, ఈ రెండింటిలో తక్కువతో మొదలుపెట్టి సున్నా దాకా ఒక్కొక్కటి తగ్గిస్తూ
        రెండొందలు ఎన్ని? మిగిలిన మొత్తానికి అదే పద్ధతి
            ఇంకా మిగిలినది వందలతో తీరుతుందా? అన్ని వందలు ఉన్నాయా?
                ఉంటే ఈ మూడు సంఖ్యలు తిరిగి ఇవ్వు
    ఏదీ కుదరకపోతే నన్ (పైథాన్‌లో 'ఏమీ లేదు' అని) తిరిగి ఇవ్వు

ఫర్ లూప్ లోపల ఫర్ లూప్, అంతే. పది వేలు అడిగినా 500 వైపు 21 అవకాశాలు, ఒక్కోదానికి 200 వైపు మహా అయితే 51. కంప్యూటర్‌కి ఇది రెప్పపాటు కూడా కాదు. తెలివైన పద్ధతులు పుస్తకాల్లో ఉన్నాయి, డైనమిక్ ప్రోగ్రామింగ్ అంటారు. మూడు రకాల నోట్లకి అంత అక్కర్లేదు.

పైన రాసినదాంట్లో ఒకటి గమనించు. నోట్లు_ఎంచు అనేది లెక్క మాత్రమే వేస్తుంది, పెట్టెలోంచి ఒక్క నోటు కూడా తీయదు. నీ ప్రోగ్రాంలో లూప్ తిరుగుతూ ఉండగానే డిక్షనరీలో సంఖ్య తగ్గిస్తున్నావని నా అనుమానం. అలా అయితే నీకు ఇంకా కనపడని బగ్ ఒకటుంది. ఆ 600 ఫెయిలైన తర్వాత డిక్షనరీని ప్రింట్ చేసి చూడు. 500 నోట్లు 20 బదులు 19 ఉంటాయి. కస్టమర్ చేతికి ఏమీ రాలేదు, పెట్టెలో మాత్రం ఒక నోటు మాయం. ఖాతాలో 600 తేడా, పెట్టెలో 500 తేడా. ఒకదానితో ఒకటి కూడా కలవని తేడాలు! మా రోజుల్లో సాయంత్రం ఇలాంటి తేడా తేలితే రాత్రి భోజనం బ్రాంచిలోనే.

కాబట్టి విత్‌డ్రా వరుస ఇది. అడిగింది సున్నాకన్నా ఎక్కువా, 100 గుణిజమా చూడు (బగ్ బాబాయ్ చెప్పిన మైనస్ 500 ఇక్కడే ఆగిపోవాలి). ఖాతాలో అంత ఉందా చూడు. నోట్లు_ఎంచు పిలిచి ఈ మెషిన్ అంత ఇవ్వగలదా చూడు. ఇక్కడిదాకా ఎక్కడా ఏ సంఖ్యా మారకూడదు. మూడూ సరే అనుకున్నాకే ఖాతాలో తగ్గించు, ఆ తర్వాత పెట్టెలో తగ్గించు. అసలు మెషిన్ కూడా ఇదే చేస్తుంది. తన దగ్గర ఉన్న నోట్లతో ఆ మొత్తం కుదరదనుకుంటే "వేరే మొత్తం కొట్టండి" అని అక్కడికక్కడే చెబుతుంది, బ్యాంకు దాకా అడగదు. కుదిరితేనే స్విచ్ (ఏటీఎంలని బ్యాంకులతో కలిపే వ్యవస్థ) ద్వారా బ్యాంకు కంప్యూటర్‌కి కబురు వెళ్తుంది, అక్కడ ఖాతాలో డెబిట్ పడి సరే అని వచ్చాక నోట్లు బయటికి వస్తాయి.

దీన్నిబట్టి నీ కోడ్‌లో రెండు క్లాసులు (విడివిడి భాగాలు) కావాలని కూడా తేలుతోంది. బ్యాంకు ఒకటి, మెషిన్ ఒకటి. ఖాతా, బ్యాలెన్స్, పిన్ సరిచూడటం బ్యాంకువి. నోట్లు, స్క్రీన్ మెషిన్‌వి. నీ పిన్ సరైనదా కాదా అన్నది అసలు ఏటీఎంకి తెలియదు. కీప్యాడ్‌లోనే ఎన్‌క్రిప్ట్ అయ్యి బ్యాంకుకి వెళ్తుంది, తేల్చేది బ్యాంకే. తప్పు పిన్‌ల లెక్క కూడా బ్యాంకు వైపే ఉంటుంది, అందుకే ఈ ఏటీఎంలో రెండుసార్లు తప్పు కొట్టి పక్క వీధి ఏటీఎంకి వెళ్తే లెక్క మళ్లీ మొదటికి రాదు. నీ ప్రోగ్రాం మూసి మళ్లీ తెరిస్తే మూడు అవకాశాలూ తిరిగి వస్తున్నాయా? ఎగ్జామినర్ అడిగేది అదే.

ఇక 2000 నోటు. అది డిక్షనరీలో ఉందంటే మీ నోట్సు పాతది. రిజర్వ్ బ్యాంకు 2023 మే 19న వాటిని వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది. నోటు చెల్లుతుంది గానీ ఏటీఎంలోంచి రాదు. 2016 నవంబరులో అది వచ్చినప్పుడు మేం పడ్డ అవస్థ ఇంకా గుర్తుంది. పెద్ద నోట్ల రద్దు ప్రకటించింది ఆ నెల 8న. కొత్త 2000 నోటు సైజు వేరు, కొత్త 500 సైజు కూడా పాత 500 సైజు కాదు. దేశంలో ఉన్న 2 లక్షలకు పైగా ఏటీఎంలలో క్యాసెట్లన్నీ (నోట్లు పెట్టే పెట్టెలు) కొత్త కొలతలకు సర్దాల్సి వచ్చింది. బయట చాంతాడంత లైను, లోపల ఇంజనీరు కోసం మేం ఎదురుచూపులు. 200 నోటు 2017 ఆగస్టులో వచ్చింది, మళ్లీ అదే తంతు. చెప్పొచ్చేదేంటంటే, 500, 200, 100 అని ఫంక్షన్ల మధ్యలో ఎక్కడపడితే అక్కడ రాయకు. నోట్ల రకాలు ఒక్కచోట, పైన లిస్టులో ఉండాలి. రేపు ఇంకో నోటు వస్తే ఒక్క లైను మారిస్తే సరిపోవాలి.

డిక్షనరీ గురించి కూడా ఒక మాట. మెషిన్‌లో సాధారణంగా నాలుగు క్యాసెట్లుంటాయి. 2000 పోయాక మేం రెండింట్లో 500, ఒకదాంట్లో 200, ఒకదాంట్లో 100 పెట్టేవాళ్లం. నీ డిక్షనరీలో 500 అనే కీ ఒకటే ఉండగలదు, రెండు పెట్టెలు ఎలా చూపిస్తావు? క్యాసెట్ల లిస్టు పెట్టి, ఒక్కో క్యాసెట్‌కి విలువ, సంఖ్య ఇస్తే సరి. అసలు మెషిన్ కూడా అంతే. పెట్టెలో ఉన్న నోటు ఎంతదో అది చదివి తెలుసుకోదు, ఈ పెట్టె అంటే ఇంత అని మనం చెప్పిందే నమ్ముతుంది. వంద పెట్టెలో ఐదొందల కట్టలు పెట్టేస్తే వంద అనుకునే ఐదొందలు ఇచ్చేస్తుంది. జనం ఎగబడ్డారని పేపర్లో వచ్చే వార్తలు అలా పుట్టినవే.

వంద, రెండొందల పెట్టె ఉండనే ఉండాలా అని ఎవరైనా అడిగితే చెప్పు: 2025 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఆ సెప్టెంబరు 30కల్లా 75 శాతం ఏటీఎంలు, 2026 మార్చి 31కల్లా 90 శాతం ఏటీఎంలు కనీసం ఒక క్యాసెట్ నుంచి 100 గానీ 200 గానీ ఇవ్వాలని. 5000 కావాల్సినవాడు చిల్లర కోసం 4900 కొట్టే మన జనానికి ఇది పెద్ద విషయమే. 4900ని టెస్టుగా పెట్టుకో. 500 తొమ్మిది, 200 రెండు రావాలి.


ఎర్రర్_రాణి

అమ్మో, ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. థాంక్యూ సార్, థాంక్యూ బాబాయ్ గారూ.

ఇవాళ ల్యాబ్‌లో కూర్చున్నాను. మెనూ లైను తీసేస్తే ఎగ్జిట్ ఒక్క దెబ్బకి పని చేసింది. డిక్షనరీ ప్రింట్ చేస్తే సార్ చెప్పినట్టే 500 నోట్లు 19 ఉన్నాయి! ఇప్పుడు నోట్లు_ఎంచు రాశాను, 600 వస్తోంది, 4900 కూడా సరిగ్గా వస్తోంది. మైనస్ 500 కొడితే పాత ప్రోగ్రాం నిజంగానే డబ్బు పెంచింది, మా ఫ్రెండ్స్ అందరివీ చెక్ చేశాను, నవ్వలేక చచ్చాం.

ఇంకా రెండు డౌట్లు. వందలు సున్నా ఉన్నప్పుడు 300 అడిగితే కుదరదు అంటోంది. 600కి లాగా ఇది కూడా నా లూప్ తప్పేనా? వేరే ఏ మొత్తాలు ఇలా ఆగుతాయో అన్నీ కొట్టి చూడాలంటే ఎలా?

రెండోది, నిజంగా ఏటీఎంలో ఖాతా కట్ అయ్యి డబ్బు రాకపోవడం జరుగుతుంది కదా, మా నాన్నకి ఒకసారి అయింది. వరుస సరిగ్గా ఉంటే అలా ఎందుకు అవుతుంది? అది నా ప్రోగ్రాంలో చూపించొచ్చా?


బగ్_బాబాయ్

మొదటిది నేను చెబుతా. 300 నీ తప్పు కాదు. 200, 500 మాత్రమే ఉంటే 100, 300 ఈ రెండే కుదరనివి. 400 నుంచి పైకి ఏ వంద గుణిజమైనా కుదురుతుంది, నోట్లు సరిపడా ఉంటే. ఎందుకంటే 400 అంటే రెండు 200లు, 500 అంటే ఒకటి. ఆ పైన దేనికైనా ఈ రెండింట్లో ఒకదానికి 200లు కలుపుకుంటూ పోతే వచ్చేస్తుంది. సరి వందలు 400 మీంచి, బేసి వందలు 500 మీంచి.

అన్నీ కొట్టి చూడటం నీ పని కాదు, కంప్యూటర్ పని. 100 నుంచి 10000 దాకా వంద చొప్పున ఫర్ లూప్ పెట్టి, ప్రతిదానికీ నోట్లు_ఎంచు పిలిచి, నన్ వచ్చినవి మాత్రం ప్రింట్ చెయ్. 100, 300 తప్ప ఇంకేదైనా కనిపిస్తే అప్పుడు లూప్ చూసుకో. 500 ఒకటే పెట్టి, 200 పది పెట్టి 1600 అడుగు. 500 వాడితే 1100 మిగులుతుంది, 200లతో తీరదు. వెనక్కి వచ్చి ఎనిమిది 200లు ఇవ్వాలి. నీ లూప్ సున్నా దాకా దిగకుండా ఒకటి దగ్గరే ఆగిపోతే ఇక్కడ దొరికిపోతుంది. రేంజ్‌లో చివరి సంఖ్య కలవదు కదా, సున్నా కావాలంటే ఆఖరు మైనస్ 1 అని ఇవ్వాలి.


పాత_క్యాషియర్

రెండోది నాకు వదిలేసినందుకు బాబాయ్‌కి థాంక్స్.

వరుస సరిగ్గా ఉన్నా డబ్బు ఆగొచ్చు, ఎందుకంటే నోటు కాగితం. ఖాతాలో డెబిట్ పడింది, మెషిన్ నోట్లు లాగడం మొదలుపెట్టింది. రెండు నోట్లు అంటుకుని వచ్చాయి, లేదా ఒకటి మడత పడింది. మందం తేడా పసిగట్టి వాటిని రిజెక్ట్ బిన్‌లో పడేసి, వాటి బదులు వేరే నోట్లు లాగుతుంది. చాలాసార్లు కస్టమర్‌కి ఈ సంగతే తెలియదు, లోపల కొంచెం ఎక్కువసేపు గరగరమంటుంది అంతే. అసలే ఇరుక్కుపోతే మాత్రం ఆపేస్తుంది. అప్పుడు "డబ్బు ఇవ్వలేదు, వెనక్కి వేయండి" అని బ్యాంకుకి రివర్సల్ కబురు వెళ్లాలి. ఆ కబురు కూడా దారిలో పోతే మీ నాన్నగారికి అయినట్టు అవుతుంది. సాయంత్రమో మర్నాడో మెషిన్ తెరిచి లెక్క చూసినప్పుడు ఆ డబ్బు పెట్టెలో ఎక్కువగా తేలుతుంది. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు సర్క్యులర్ ప్రకారం, లావాదేవీ జరిగిన రోజు కాక 5 రోజుల్లోగా ఖాతాలో తిరిగి వేయాలి, దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున బ్యాంకు పరిహారం ఇవ్వాలి. అడగకపోయినా ఇవ్వాలి.

ప్రోగ్రాంలో తప్పకుండా చూపించొచ్చు, అదే నీ ప్రాజెక్టుకి అందం. ర్యాండమ్ మాడ్యూల్ తీసుకో. నోటు బయటికి తీసే ప్రతిసారీ నూటికి ఒకసారి ఆ నోటు రిజెక్ట్ బిన్‌కి వెళ్లేలా పెట్టు, పెట్టెలో సంఖ్య తగ్గుతుంది, కస్టమర్‌కి మాత్రం ఇంకోటి తీసి ఇవ్వాలి. ఆ ఇంకోటి పెట్టెలో లేకపోతే? అప్పటిదాకా బయటికి తీసిన నోట్లను కూడా రిజెక్ట్ బిన్‌లోకి పంపి, బ్యాంకు క్లాసులో రివర్సల్ ఫంక్షన్ పిలిచి ఖాతాలో తిరిగి కలుపు. స్టేట్‌మెంట్‌లో డెబిట్ లైను చెరిపేయకు. దాని కింద క్రెడిట్ అని ఇంకో లైను రాయి. బ్యాంకు పుస్తకంలో రాసింది కొట్టేయడం ఉండదు.

ర్యాండమ్ పెట్టాక ప్రోగ్రాం ఒక్కోసారి ఒక్కోలా నడుస్తుంది, టెస్టు చేయడం విసుగు. మొదట్లో సీడ్ (ర్యాండమ్ ఎక్కణ్నుంచి మొదలవ్వాలో చెప్పే సంఖ్య) ఇచ్చావంటే ప్రతిసారీ అవే నోట్లు ఇరుక్కుంటాయి. వైవాలో డెమోకి అది చాలా ఉపయోగం.

ఇక ఎడ్మిన్ మెనూ ఒకటి పెట్టు. మేం క్యాష్ నింపేముందు మెషిన్ నుంచి ఒక స్లిప్ తీసేవాళ్లం. ప్రతి క్యాసెట్‌కీ ఎంత పెట్టాం, ఎంత ఇచ్చింది, ఎంత మిగిలింది, ఎంత రిజెక్ట్ అయింది అని ఉంటుంది. నీ ప్రోగ్రాంలో కూడా అవే నాలుగు సంఖ్యలు ఉంచుకుని, ప్రతి లావాదేవీ తర్వాత ఈ ఒక్క లైను అసర్ట్‌గా రాయి:

పెట్టింది = ఇచ్చింది + మిగిలింది + రిజెక్ట్

ఎక్కడైనా తేడా వస్తే అక్కడే ఆగిపోతుంది. ఆ 19 నోట్ల బగ్ లాంటివి నువ్వు వెతకక్కర్లేదు, అవే అరుస్తాయి.

మరొకటి, ఒకేసారి ఎన్ని నోట్లయినా బయటికి తోసేయలేదు. చాలా మెషిన్లలో ఒక్క లావాదేవీకి 40 నోట్లే. అందుకే 500లు అయిపోయి 100లు మాత్రమే ఉన్నప్పుడు ఖాతాలో లక్షలున్నా 4000 మించి రాదు. నోట్లు_ఎంచులో మూడు సంఖ్యల మొత్తం 40 దాటితే ఆ అవకాశం వదిలేయమని ఒక ఇఫ్ పెట్టు.


ఎర్రర్_రాణి

సార్, ఒక్కటే ఒక్కటి. ప్రోగ్రాం మూసేస్తే బ్యాలెన్స్ పోతోంది. ఫైల్‌లో సేవ్ చేయాలి కదా, జేసన్ (డేటాని టెక్స్ట్‌గా దాచే పద్ధతి) సరిపోతుందా? మధ్యలో కరెంటు పోతే? ప్రాజెక్టు రికార్డులో ఇంట్రడక్షన్‌కి ఏటీఎంల గురించి నాలుగు లైన్లు కూడా కావాలి.


బగ్_బాబాయ్

జేసన్ చాలు. కరెంటు సంగతికి: అసలు ఫైల్ మీద నేరుగా రాయకు. పక్కన తాత్కాలిక ఫైల్‌లో మొత్తం రాసి, మూసి, తర్వాత ఓఎస్ మాడ్యూల్‌లోని రీప్లేస్‌తో దాన్ని అసలు పేరుకి మార్చు. రాస్తూ మధ్యలో ఆగిపోతే పాత ఫైల్ చెక్కుచెదరకుండా ఉంటుంది, సగం రాసిన ఫైల్ మిగిలే ప్రమాదం బాగా తగ్గుతుంది. డబ్బుని ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యగా) దాయకు, 0.1కి 0.2 కలిపితే పైథాన్ 0.30000000000000004 అంటుంది. వడ్డీ, పైసలు ఏమైనా ఉంటే పైసల్లో పూర్ణాంకంగా దాచి, చూపించేటప్పుడు మాత్రం 100తో భాగించు. తప్పు పిన్‌ల లెక్క కూడా ఇదే ఫైల్‌లో పెట్టు, సార్ చెప్పిన మూసి తెరిచే ట్రిక్కు పని చేయకుండా పోతుంది.


పాత_క్యాషియర్

ఇంట్రడక్షన్‌కి ఇవి రాసుకో. 1967 జూన్ 27న లండన్ దగ్గర ఎన్‌ఫీల్డ్‌లో బార్క్లేస్ బ్యాంకు పెట్టిన నగదు మెషిన్‌ని ప్రపంచంలో మొదటిదిగా చెబుతారు. దాని వెనకున్న జాన్ షెపర్డ్-బ్యారన్ పుట్టింది మన షిల్లాంగ్‌లోనే, 1925లో. పిన్‌కి ఆరంకెలు అనుకున్నాడట, భార్య నాలుగైతేనే గుర్తుంటాయి అన్నదని నాలుగు చేశానని ఆయనే చెప్పాడు. మన దేశంలో మొదటిది 1987లో ముంబయిలో హెచ్‌ఎస్‌బీసీ పెట్టింది. ఎన్‌ఫీల్డ్ మెషిన్‌కి ప్లాస్టిక్ కార్డు లేదు, ముందే బ్యాంకు నుంచి తీసుకున్న కాగితం ఓచరు పెడితే డబ్బు వచ్చేది. ఎగ్జామినర్ "కార్డు లేకుండా నీ ప్రోగ్రాం ఎలా నడుస్తుంది" అని అడిగితే ఖాతా నంబరు టైప్ చేయిస్తున్నానని చెప్పు. అది తప్పేమీ కాదు.